తెప్పలపేట పచ్చనీళ్ళు

మాఘ శుద్ధ తదియ

పచ్చ మళ్ళీ తగ్గింది. తెల్ల ప్లాస్టిక్ పళ్ళేన్ని తాడుకు కట్టి గంగాళంలోకి దించితే, పోయిన వారం మూరలోతులోనే కనబడకుండా పోయేది. ఇవాళ రెండు నిలువుల లోతున కూడా తళతళలాడుతోంది. నీళ్ళింత తేటగా ఉన్నాయని సంతోషించే ఊళ్ళు ఎక్కడైనా ఉంటాయేమో. ఇక్కడ మాత్రం నీళ్ళు తేటపడితే పస్తే.

తెప్పలపేటలో తెప్పలన్నీ గుండ్రంగా కట్టి ఉంటాయి. నడిమధ్య సముద్రాన్ని మందపాటి తెరలతో లోతుదాకా చుట్టేశారు. ఆ నీళ్ళనే గంగాళం అంటారు. అందులో కంటికి ఆనని మొక్కలు పెరుగుతాయి. పుస్తకాల్లో వాటి పేరు వృక్షప్లవకాలు, పేటలో పచ్చ. దాన్నే వడగట్టి, ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాచుకుంటారు. పొద్దున అదే, మాపున అదే. చేప ముఖం చూసిన పిల్లలు ఇక్కడ లేరు. నెలకోసారి ఒడ్డు నుంచి పడవ వస్తుంది కానీ అందులో మందులూ నూలూ కాస్త చింతపండూ తప్ప కడుపు నింపేది ఏమీ ఉండదు.

నా పని ఆ పచ్చకు మేత వేయడం. రోజూ తెల్లవారగానే తుప్పునీళ్ళు కలిపి గంగాళంలో పోస్తాను. ఇనుము లేకపోతే పచ్చ పెరగదు. అయితే ఎంత ఇనుమని? చెరువంత నీటికి చిటికెడు. ఆ చిటికెడు కొలవడానికి కదిరి నుంచి నన్నిక్కడికి తోలారు. ఈ ఊరంటే నాకిష్టం లేదు. ఈ ఊరికి నేనంటే అంతకన్నా లేదు. ఆ విషయంలో మా మధ్య దాపరికం ఏమీ లేదు.

ఎండెక్కక ముందే పేట పెద్ద గరికిన బండియ్య వచ్చాడు. లోపలికి రాడు, గుమ్మంలో నిలబడి అరుస్తాడు.

"ఏటి డాకటరమ్మా, ఇనుమేసినావా, నేదా?"

"వేసినా పెద్దాయనా."

"మరి పచ్చేదీ?"

"దాన్నే అడగల్ల. నన్నడిగితే నేనేం చెప్తా?"

"నువ్వు ఇనుము దాసుకుంతన్నావని పేటలో అనుకుంతన్నారు."

"దాచుకుని ఏం చేసుకుంటా? తాళిబొట్టు చేయించుకుంటానా?"

అతను గంగాళంలోకి కాండ్రించి ఉమ్మి వెళ్ళాడు. ఇదే గంగాళంలో మరొకడు ఉమ్మితే తెప్ప నుంచి వెలి వేస్తాడు.


మాఘ శుద్ధ సప్తమి

నీళ్ళు పరీక్ష చేశాను. ఇనుము ఉండాల్సినంత ఉంది. కానీ రాగి కనబడింది. అది కూడా కొంచెం కాదు.

ఒళ్ళు మండిపోయింది. ఈ పరీక్షలో కష్టమంతా శుభ్రంలోనే ఉంది. మనం వెతికేది చిటికెడు లోహం. తలుపు గొళ్ళెం ముట్టుకున్న చేత్తో సీసా పట్టుకుంటే లెక్క తప్పుతుంది. అందుకే నా గదికి ఒక్క మేకు లేదు, పలకలన్నీ తాళ్ళతో కట్టినవి. సీసాలు ప్లాస్టిక్‌వి, వారాల తరబడి ఆమ్లంలో నానబెట్టి కడిగినవి. లోపలికి వచ్చే మనిషి ఉంగరం, గాజు, మెట్టె, బొట్టు అన్నీ బయట వదిలి రావాలి. ఇంత చేసినా రాగి వచ్చిందంటే ఎవరిదో కొవ్వు.

ఎవరిదో కాదు, గురమ్మదే అనుకున్నాను. చోడిపల్లి గురమ్మ నాకు నీళ్ళు తోడి పెడుతుంది, సీసాలు కడుగుతుంది. నలభై దాటిన మనిషి. కార్తీకం తుఫానులో ఒక్కగానొక్క కొడుకు ఎల్లాజీ తెప్ప మీద నుంచి కొట్టుకుపోయాడు. అప్పటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడదు. అంతకు ముందు కూడా పెద్దగా మాట్లాడేది కాదు.

"ఏం గురమ్మా, నీకెన్నిసార్లు చెప్పల్ల? ఆ రాగి ఉంగరం తియ్యి."

"దాని మీదే తొడుక్కున్నానమ్మ, సేతి తొడుగులు. మా అత్తిచ్చిన ఉంగరమది."

"మీ అత్త వచ్చి నా సీసాలో పడితే నాకేం లాభం?"

"నీ నోట్లో మన్నుపడ," అంది గురమ్మ. ఉంగరం లాగి పడేసింది. వేలు కమిలిపోయింది. నేను పట్టించుకోలేదు.

మళ్ళీ నీళ్ళు తోడాను, ఈసారి నేనే. మళ్ళీ అంతే రాగి.


మాఘ పౌర్ణమి

బండియ్య మాటే నెగ్గింది. పంచాయితీ పెట్టి ఇనుము రెట్టింపు వెయ్యమన్నారు. వద్దన్నాను. నీకు జీతమిచ్చేది మాట్లాడ్డానికి కాదన్నారు. వేశాను. వారంలో పచ్చ కాస్త తేరుకుంది. బండియ్య మీసం మెలేసుకుంటూ తెప్ప తెప్పకూ తిరిగాడు, తానే కడుపుతో ఉండి కన్నట్టు.

నాకు నమ్మకం కుదరలేదు. కిందటి నెల ఇనుము పెంచకుండానే పౌర్ణమికి ఇలాగే కోలుకుంది, ఆ తర్వాత అమావాస్య దాటగానే కూలబడింది. పోటు వల్లనా? తెరల కింద నుంచి చల్లనీరు వచ్చి పోతోందా? ఏదీ అతకడం లేదు. రాగి ఎక్కడిదో తెలియడం లేదు. పేటలో రాగి తీగలు లేవు, పడవలకు రాగి పూత లేదు. నాకు తెలిసినంతవరకు లేదు.

ఒడ్డు నుంచి కబురు కూడా వచ్చింది. ఫాల్గుణ పౌర్ణమికి లాగుడు పడవలు వచ్చి చూస్తాయి. పచ్చ నిలబడకపోతే తెప్పలు విప్పేసి, ఒక్కొక్క దాన్ని ఒక్కొక్క శిబిరానికి లాక్కుపోతారు. ఆ శిబిరాల్లో రేకుల షెడ్లు, పైన ఎండ. అక్కడికి పోయిన పేటల్లో ఒక్కటి కూడా మళ్ళీ పేటగా కలిసింది లేదు. అన్నను ఒక చోట, తమ్ముణ్ణి ఒక చోట పడేస్తారు. ఈ కబురు చదివి వినిపిస్తే అందరూ ఒడ్డును తిట్టలేదు, నన్నే తిట్టారు. ఒడ్డు దూరంగా ఉంది, నేను దగ్గర్లో ఉన్నాను కదా.

అంబలి గరిటె చిన్నది చేశారు.


మాఘ అమావాస్య

ఛీ, నా చదువు తగలెయ్య.

ఇవాళ గంగాళం అంచు వెంబడి నీళ్ళు తోడదామని చిన్న తెప్ప వేసుకుని వెళ్ళాను. ఉత్తరం వైపు తెర దగ్గర ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. తెర లోపలి వైపు తాళ్ళకు వరసగా రేకులు వేలాడుతున్నాయి. అరచేతి వెడల్పు రాగి రేకులు. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క పేరు చెక్కి ఉంది. పేటలో ఎవరైనా పోతే పేరు చెక్కిన రేకు నీళ్ళలో వేలాడదీస్తారని నాకు తెలుసు. అది బయటి వైపు, పెద్ద సముద్రంలోకి అని కూడా తెలుసు.

"ఇవి లోపలికెప్పుడొచ్చాయి?" అని అడిగాను.

గురమ్మ తల ఎత్తకుండా చెప్పింది. "కార్తీకంలో బయటి తాల్లు తెగిపోయి పేర్లన్నీ కొట్టుకుపోనాయి. తాతలవీ, ముత్తాతలవీ. అందుకే మల్లీ కొత్తవి సేయించి లోపల కట్టినాం. తుఫానులో పోనోల్లవీ ఇక్కడే."

అందరి చేతుల్లో చింతపండు ఉంది. నెల పడవ మీద వచ్చే చింతపండు తినడానికని అనుకునేదాన్ని. వీళ్ళు నోట్లో వేసుకోవడం లేదు. పులుసు పిసికి రేకుల్ని తోముతున్నారు, పేరు పైకి చదువుతూ. ప్రతి అమావాస్యకూ ఇదే ఆనవాయితీట. తోమి, మిలమిలలాడేదాకా గంగాళంలో జాడించి, మళ్ళీ వేలాడదీస్తున్నారు.

రాగి మీద పులుపు పడితే ఏమవుతుందో చెంబు తోమిన ఏ ఇల్లాలికైనా తెలుసు. మురికి కరిగి నీళ్ళలోకి పోతుంది. ఆ మురికే రాగి.

"రాగే ఎందుకు?" అన్నాను.

"కొయ్యకైతే గుల్లలు పడతాయి. ఇనుము తుప్పడతాది. రాగి మీద నాచు సైతం పట్టదు. పేరు ఎప్పుడూ కనపడతాది," అంది గురమ్మ.

నాచు ఎందుకు పట్టదు? పట్టబోయిన నాచును రాగి చంపుతుంది గనక. పేరు నిలిచేది దాని వల్లే, పచ్చ చచ్చేది దాని వల్లే. ఊరి పిల్ల మొదలు ముసలిదాకా తినే తిండిలో ఊరంతా కలిసి నెలకోసారి విషం జాడిస్తున్నారు. నేనేమో ఒక ఉంగరం మీద పడి ఏడ్చాను.


ఫాల్గుణ శుద్ధ విదియ

అనుకున్నట్టే పచ్చ కూలింది. పంచాయితీలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. చేతనైనా చెప్పేదాన్ని కాదు.

"మా సచ్చినోల్లు మా నోటి కాడ కూడు తీసేస్తన్నారంతావా?" అన్నాడు బండియ్య.

"వాళ్ళు కాదు, రాగి. ఆ రేకులు తీసెయ్యండి. బయట కట్టుకోండి."

"బయట కట్టినవి ఏటైనాయో నువ్వు సూడనేదా? మనిషి ఒక్కపాలి సస్తాడు. పేరు కూడా పోతే రెండోపాలి సస్తాడు. రెండోపాలి సంపమంతావా?"

"ఇళ్ళల్లో పెట్టుకోండి."

"సచ్చినోల్ల పేరు సూరు కింద ఉంచుతారేటి? నీ కదిరిలో ఉంచుతారేమో."

"పెద్దాయనా, పౌర్ణమి ముందర ఉంది. లాగుడు పడవలు వచ్చి మీ పేటను కూరగాయలు తరిగినట్టు తరుగుతాయి. అప్పుడు మీ పేర్లు ఎవరు తోముతారు?"

ఎవరో వెనక నుంచి తడిగుడ్డ విసిరారు. మొహానికి తగిలింది. పచ్చ వడగట్టే గుడ్డ, నీచుకంపు. "ఇనుమమ్ముకున్నది, ఇప్పుడు మనోల్ల మీద నెట్టీస్తన్నాది!" అని ఒకతను అరిచాడు. నవ్వులు. నేనూ తిరిగి అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. రాసేంత మర్యాదైన మాటలు కావు.


ఫాల్గుణ శుద్ధ చవితి

మాట వినని వాళ్ళకు కళ్ళు ఉంటాయి కదా అని పంచాయితీ తెప్ప మీద రెండు తెల్ల ప్లాస్టిక్ తొట్లు పెట్టించాను. గదిలో నేను దాచి పెంచుతున్న మంచి పచ్చ రెండింట్లో పోశాను. ఒక దాంట్లో పేరు చెక్కని కొత్త రాగి రేకును పులుపుతో తోమి వేశాను. రెండోది ఊరికే వదిలాను.

"అది మందేసిన రేకు," అన్నాడు బండియ్య. "కావాలని సంపడానికి తెచ్చినాది."

"అయితే మీదే ఒకటి వెయ్యండి."

అప్పుడు గురమ్మ లేచింది. ఉత్తరం వైపుకు నడిచి వెళ్ళి తన కొడుకు రేకు విప్పుకొచ్చింది. కొంగుతో తుడిచి నా కళ్ళ ముందు ఆడించింది.

"నా గుంటడు తెప్ప మీద ఉన్నన్నాల్లూ ఈగకు కూడా అపకారం సెయ్యనేదు. ఆడి పేరు పచ్చను సంపుతాదా? సూద్దాం." నా రేకు తీసి సముద్రంలోకి విసిరేసింది. ఆ తొట్లో నీళ్ళు పారబోయించి కొత్త పచ్చ పోయించింది. ఆనవాయితీ ప్రకారం చింతపండుతో తోమి, పేరు చదివి, రేకు తొట్లో వేసింది. తొట్టె పక్కనే కాపలా కూర్చుంది, నేను ముట్టుకోకుండా.

వద్దని చెప్పాలనిపించింది నాకు. ఒక్క క్షణం. చెప్పలేదు. నాకు ఆ తొట్టె కావాలి.


ఫాల్గుణ శుద్ధ షష్ఠి

ఊరికే వదిలిన తొట్లో పచ్చ చిక్కగా ఉంది. ఎల్లాజీ రేకు వేసిన తొట్లో నీళ్ళు మంచినీళ్ళలా తేటపడ్డాయి. అడుగున తెల్లని మడ్డి. రేకు మీద పేరు మాత్రం చక్కగా, ఒక్క అక్షరం చెదరకుండా కనబడుతోంది.

పేట పేటంతా చుట్టూ నిలబడి చూసింది. నేను "చూశారా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. నెలల తరబడి తిట్లు తిన్నాను, ఆ ఒక్క మాట నోట్లో ఆగలేదు.

గురమ్మ వచ్చి నా చెంప పగలగొట్టింది. చెవి గింగురుమంది.

"నా కొడుకుని నా సేతే దొంగని సేయించినావు," అంది. "ఊరి కూడు తిన్న దొంగని. నీ కడుపు కాల. నీకు పిల్లలుంటే తెల్సును."

తొట్లో చెయ్యి పెట్టి రేకు తీసుకుంది, కొంగులో చుట్టుకుంది. బండియ్య నా వైపు చూసి, "ఎల్లిపో ఇక్కణ్ణుంచి," అన్నాడు. వచ్చేశాను. అయినా రేకులు తీస్తామని ఒక్కరూ అనలేదు. నిజం నిరూపిస్తే ఒప్పుకుంటారని ఏ వెధవ చెప్పాడో కానీ వాడు పేటలో బతికిన వాడు కాదు.


ఫాల్గుణ శుద్ధ అష్టమి

పొద్దున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. గది గోడల మీద ఎవరో కొడుతున్నట్టు గణగణ. తలుపు తెరిస్తే ఎదురుగా బండియ్య నిచ్చెన మీద ఉన్నాడు. కింద ఊరంతా వరస కట్టి ఉంది. ఒక్కొక్కరూ ఒక్కొక్క రేకు అందిస్తున్నారు. అతను దాన్ని నా గది పలకల తాళ్ళకు కడుతున్నాడు. చూరుకు, కిటికీకి, గుమ్మానికి. ఒక్క మేకు కూడా లేకుండా కట్టుకున్న గదికి.

"ఏం చేస్తాండారు మీరు? నా గదిలో ఇంక ఏ పరీక్షా జరగదు! రాగి రజను పడితే మొత్తం పాడైపోతుంది!"

"గంగాళంలో వొద్దన్నావు," అన్నాడు బండియ్య ముడి బిగిస్తూ. "బయట కడితే పోతాయి. ఇల్లల్లో కట్టకూడదు. నీది ఇల్లు గాదు గదా. నీకిక్కడ ఇల్లేటి, వాకిలేటి?"

"ఒడ్డుకు రాస్తా."

"రాయి. పచ్చ నిలబడితే సాలని నువ్వే గదా అన్నావు? నిలబెట్టుకో. పరీచ్చలు నేకపోతే కంటితో సూసుకో. మా ఆడోల్లు సూస్తన్నట్టే సూసుకో."

గురమ్మ చివరన వచ్చింది. తన రేకు బండియ్యకు ఇవ్వలేదు. నన్ను భుజంతో పక్కకు నెట్టి, సరిగ్గా గుమ్మం నడుమ, లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా నా నుదురు తగిలేటట్టు కట్టింది. విప్పేద్దామని చెయ్యి ఎత్తాను. అందరూ చూస్తున్నారు. దించేశాను.


ఫాల్గుణ పౌర్ణమి

గంగాళంలో రాగి తగ్గిందని చెప్పలేను, రాగి రజనుతో పరీక్ష గదే చెడింది. పళ్ళెం మాత్రం మూరలోతులో మాయమవుతోంది. నీళ్ళు చిక్కగా, మురికిగా, అసహ్యంగా, చూడముచ్చటగా ఉన్నాయి. లాగుడు పడవలు వచ్చాయి. వాటి మీద వచ్చిన అధికారి గంగాళంలోకి తొంగి చూసి, వేలు ముంచి, నాకి, కాగితం మీద ఏదో గీసుకుని పడవల్ని వెనక్కి తిప్పించాడు. పేటలో డప్పులు కొట్టారు. పెద్ద గరిటె మళ్ళీ బయటికి తీశారు.

నా అంబలి నా గుమ్మం ముందు పెట్టి పోయారు. పెట్టింది ఎవరో చూడలేదు. అందులో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయారని అనుకునేంత అమాయకురాలిని కాను.

గాలి వీస్తే రేకులన్నీ కలిసి మోగుతాయి. పగలు పని చేసుకోలేను. ఈ ఊరిని కాపాడినందుకు నాకు దక్కింది ఈ మోత. కోపంగా ఉంది. ఎంత కోపమంటే, ఈ పచ్చను ఎందుకు బతికించానా అని పొద్దుట్నుంచి రెండుసార్లు అనుకున్నాను. రెండోసారి అనుకుంటున్నప్పుడు పక్క తెప్ప మీద ఒక పసిది మూతంతా ఆకుపచ్చ చేసుకుని అంబలి జుర్రుతూ కనబడింది. అది నన్ను చూసి నాలుక బయటపెట్టింది. పెద్దవాళ్ళు నేర్పినట్టున్నారు.


ఫాల్గుణ అమావాస్య

తలుపు తెరిచేసరికి ఆడవాళ్ళంతా నా గుమ్మం ముందు కూర్చుని ఉన్నారు. చేతుల్లో చింతపండు. మధ్యలో పెద్ద తొట్టె. నేను బయటికి వస్తే ఒక్కరూ జరగలేదు.

"కడిగిన నీళ్ళు గంగాళంలో పోస్తే మాత్రం నేనూరుకోను," అన్నాను.

"తెల్సు. తొట్టె తెచ్చినాం. మగోల్లు పెద్ద సముద్రంలోకి తీసుకుపోయి పోస్తారు. నీ నోరు ముయ్యి," అంది ఒకామె.

గురమ్మ లేచి గుమ్మం నడుమ ఉన్న రేకు విప్పింది. తను తోముకుంటుందని పక్కకు తప్పుకున్నాను. ఆమె రేకును నా చేతిలో పెట్టింది. దాని మీద చింతపండు ముద్ద పెట్టింది.

"తోము."

"నేనా?"

"తీయించింది ఎవులు? నానా? తోము. పేరు సదువుతా తోమాల. నెలనెలా."

విసిరికొట్టి తలుపేసుకోవచ్చు. విసిరికొడితే ఈ గుంపు నన్నేం చేస్తుందో అని భయం వేసింది. భయమొక్కటే అయితే బాగుండేది. ఆమె చూపుడువేలు మీద ఉంగరం లాగిన మచ్చ ఇంకా నల్లగానే ఉంది, అది చూడకుండా ఉండలేకపోయాను. కూర్చున్నాను. చేతి తొడుగులు వేసుకోబోతే గురమ్మ లాగేసింది. పులుపు గోళ్ళ సందుల్లోకి దిగి మంట పుట్టింది. రాగి కరిగి వేళ్ళు పచ్చబడ్డాయి.

"చోడిపల్లి ఎల్లాజీ," అన్నాను.

"ఇనపడనేదు."

"చోడిపల్లి ఎల్లాజీ."

"గట్టిగా."

అరిచాను. గంగాళం అవతలి తెప్పల మీద మగవాళ్ళు పని ఆపి చూశారు. గురమ్మ రేకు తీసుకుని ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. "మూల వొగ్గీసినావు," అని మళ్ళీ నా ఒళ్ళో పడేసింది. మూల కూడా తోమాను, పేరు మళ్ళీ అరిచాను. అప్పుడు కట్టింది.

కన్నీళ్ళు వచ్చాయి. చింతపండు చేత్తో తుడుచుకున్నాను, ఇంకా మండింది. ఎవరూ నీళ్ళివ్వలేదు. పక్కామె తన రేకు నా ఒళ్ళో పడేసింది. ఆమె వెనక ఇంకొకామె నిలబడి ఉంది.